ఇన్ని కంపెనీలు ట్యాబ్లెట్లు చేశాయి, ఐప్యాడ్ ముందు నిలిచినవి కొన్నే. ఎందుకు?

విశాఖ_వాణిజ్యం అడిగిన ప్రశ్న:

నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో వ్యాపార నిర్వహణ బోధిస్తాను. పోటీ గురించిన పాఠంలో మా పాఠ్యపుస్తకం సబ్బులు, శీతల పానీయాల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, ఈ ఏడాది విద్యార్థులకు ట్యాబ్లెట్ కంప్యూటర్ల మార్కెట్‌ను ఉదాహరణగా చెబుదామని సమాచారం పోగుచేయడం మొదలుపెట్టాను. అయితే చదివే కొద్దీ ఒక విషయం కొరుకుడు పడకుండా ఉంది.

ఫోన్ల విషయంలో జరిగిన కథ అందరికీ తెలిసిందే. 2007లో ఐఫోన్ వచ్చింది, మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ వచ్చింది, నాలుగైదేళ్లు తిరిగేసరికి ప్రపంచంలో అమ్ముడయ్యే స్మార్ట్‌ఫోన్లలో అత్యధికం ఆండ్రాయిడ్‌వే అయ్యాయి. 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ అమ్మకానికి వచ్చినప్పుడు కూడా ఇదే పునరావృతమవుతుందని అందరూ అనుకున్నారు. శామ్‌సంగ్, మోటరోలా, బ్లాక్‌బెర్రీ తయారుచేసే రిమ్, హెచ్‌పీ, అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్ ఒకదాని వెనుక ఒకటిగా రంగంలోకి దిగాయి. వీటిలో ఏ ఒక్కటీ డబ్బుకు, పేరుకు కొదవ ఉన్న సంస్థ కాదు. అయినా పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ఐడీసీ లాంటి మార్కెట్ పరిశోధన సంస్థల లెక్కల్లో ప్రపంచ ట్యాబ్లెట్ అమ్మకాల్లో మూడో వంతుకు పైగా ఆపిల్‌వే. రెండో స్థానంలో ఉన్న శామ్‌సంగ్ వాటా అందులో సగం దగ్గర ఉంటోంది. మిగిలింది హువావే, లెనోవో, షావోమి, అమెజాన్ పంచుకుంటున్నాయి.

ఒకే ఆండ్రాయిడ్, దాదాపు అవే కంపెనీలు, అవే దుకాణాలు. అలాంటప్పుడు ఫోన్లలో జరిగింది ట్యాబ్లెట్లలో ఎందుకు జరగలేదు? ఆపిల్ పేరు పలుకుబడి వల్ల అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అదే పేరు ఫోన్లలో కూడా ఉంది. ఈ రంగంలో పనిచేసినవారు, కనీసం దగ్గరి నుంచి చూసినవారు కారణాలు వివరిస్తే విద్యార్థులకు నమ్మకంగా చెప్పగలుగుతాను.

అప్లికేషన్_కూలీ జవాబు:

మాస్టారూ, మీరు పోల్చిన తీరులోనే జవాబు దాగి ఉంది. ఫోన్లలో ఆండ్రాయిడ్‌ను మొదట పైకి తెచ్చింది కొనుగోలుదారు కాదు, టెలికాం కంపెనీ. అమెరికాలో ఐఫోన్ 2011 ఫిబ్రవరి దాకా ఏటీ అండ్ టీ ఒక్కదాని దగ్గరే దొరికేది. దానికి ప్రధాన ప్రత్యర్థి అయిన వెరైజన్‌కు ఐఫోన్ లేదు కాబట్టి దానికి దీటుగా చూపించుకునే ఫోన్ ఒకటి అత్యవసరమైంది. 2009 చివర్లో మోటరోలా చేసిన డ్రాయిడ్‌ను భారీ ప్రచారంతో భుజాన వేసుకుంది. ఫోన్ అసలు ధరలో పెద్ద భాగాన్ని రెండేళ్ల ఒప్పందం కింద టెలికాం కంపెనీయే భరించేది. అంటే ఐఫోన్ అందని చోట ఆండ్రాయిడ్‌ను నిలబెట్టడానికి సొంత స్వార్థం ఉన్న బలమైన మధ్యవర్తి ఒకరున్నారు.

ట్యాబ్లెట్‌కు అలాంటి మధ్యవర్తి లేరు. వై-ఫై ఐప్యాడ్‌ను ఎవరి ఒప్పందంతోనూ పనిలేకుండా ఎవరైనా నేరుగా కొనుక్కోవచ్చు. 2011 ఫిబ్రవరిలో మోటరోలా జూమ్ వచ్చినప్పుడు వెరైజన్ పాత పద్ధతినే మళ్లీ ప్రయోగించింది. ఒప్పందం లేకుండా దాని ధర 800 డాలర్లు, రెండేళ్ల ఒప్పందంతో 600 డాలర్లు. అదే సమయంలో ఐప్యాడ్ 499 డాలర్లకు మొదలవుతోంది. ఇంట్లో సోఫాలో కూర్చుని చూసుకునే పరికరానికి నెలనెలా డేటా బిల్లు ఎందుకు కట్టాలని జనం అడిగారు, దానికి వెరైజన్ దగ్గరా మోటరోలా దగ్గరా సరైన సమాధానం లేకపోయింది.

రెండో కారణం నా వృత్తికి సంబంధించినది. జూమ్‌లో ఉన్న ఆండ్రాయిడ్ 3.0, అంటే హనీకోంబ్, పెద్ద తెరల కోసం ప్రత్యేకంగా రాసిన మొదటి ఆండ్రాయిడ్. అంతకు ముందు 2010 చివర్లో వచ్చిన 7 అంగుళాల గెలాక్సీ ట్యాబ్ ఫోన్ల ఆండ్రాయిడ్ 2.2తోనే నడిచింది. 2011 మార్చిలో ఐప్యాడ్ 2 విడుదల సభలో ఆపిల్ తన ట్యాబ్లెట్ కోసం ప్రత్యేకంగా రాసిన యాప్‌లు 65,000 అని, హనీకోంబ్‌కు 100 అని తెరమీద పక్కపక్కన వేసి చూపించింది. అది ప్రత్యర్థిని ఎగతాళి చేసే ప్రదర్శనే అయినా, యాప్‌లు రాసేవాళ్లకు అందులోని తేడా అనుభవంలోకి వచ్చింది.

ఆ రోజుల్లో ఒక వార్తల యాప్‌కు ఆండ్రాయిడ్ రూపం రాసే బృందంలో నేనూ ఉన్నాను. ఫోన్ కోసం గీసిన తెరను ట్యాబ్లెట్‌లో తెరిస్తే, శీర్షికలు ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఒకే వరుసలో సాగిపోయేవి. మధ్యలో మైదానమంత ఖాళీ, మూలన అగ్గిపుల్ల తలంత బొత్తాం. దాన్ని సరిచేయడానికి వేరే అమరిక రాయాలి, వేరేగా పరీక్షించాలి. ఎందరి కోసం? ట్యాబ్లెట్‌లో మా యాప్ వాడేవారి సంఖ్య చూసి మేనేజరు ఆ పనిని ప్రతిసారీ తర్వాతి విడతకు నెట్టేవారు, ఆయనను తప్పుపట్టడానికి కూడా లేదు. ఐప్యాడ్‌కు ఈ సమస్య రాలేదు. తెర కొలత ఒక్కటే, నిష్పత్తి ఒక్కటే, కొనేవారు లక్షల్లో ఉన్నారు; ఒకసారి రాస్తే గిట్టుబాటయ్యేది. యాప్‌లు లేవు కాబట్టి ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్ కొనరు, కొనరు కాబట్టి యాప్‌లు రాయరు. ఫోన్లలో ఈ చిక్కును టెలికాం కంపెనీల డబ్బు విడగొట్టింది. ఇక్కడ విడగొట్టేవారు లేకపోయారు.

విడిభాగం జవాబు:

పై మిత్రుడు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, ఆయన చెప్పిన కారణాలన్నీ అమ్మకం వైపు నుంచి చూసినవి. ఎలక్ట్రానిక్స్ కొనుగోళ్ల విభాగంలో పనిచేసినవాడిగా నాకు తయారీ వైపు కథ ఇంకా ఆసక్తికరంగా కనిపిస్తుంది.

2010 జనవరి 27న ఐప్యాడ్‌ను ప్రకటించే ముందు దాని ధర వెయ్యి డాలర్ల దగ్గర ఉంటుందని పత్రికల్లో ఊహాగానాలు నడిచాయి. స్టీవ్ జాబ్స్ వేదిక మీద 999 అంకెను చూపించి, దాన్ని పగలగొట్టి 499 వేశారు. ప్రత్యర్థుల ప్రణాళికలన్నీ ఆ క్షణంలోనే తారుమారయ్యాయి. వాళ్లు వేసుకున్న లెక్క, ఆపిల్ ఎప్పటిలాగే ఖరీదుగా అమ్ముతుంది, మనం దాని కింద సర్దుకుందాం అని. తీరా చూస్తే కింద చోటే లేదు.

ఆ ధర ఎలా సాధ్యమైందంటే, విడిభాగాల కొనుగోలు వల్ల. ఆపిల్ ప్రాసెసర్‌ను తానే రూపొందించుకుంది, నిర్వహణ వ్యవస్థను (ఆపరేటింగ్ సిస్టమ్‌ను) తానే రాసుకుంది, సొంత దుకాణాల్లోనూ అమ్ముకుంది కాబట్టి మధ్యలో ఇతరులకు ఇవ్వాల్సిన వాటా తగ్గింది. దానికి తోడు 2011 జనవరిలో టిమ్ కుక్, కీలకమైన విడిభాగాల కోసం రెండేళ్ల కాలానికి సుమారు 390 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నామని మదుపరులకు చెప్పారు. అవి ఏ విడిభాగాలో చెప్పడానికి నిరాకరించారు. తెరలు తయారుచేసే కర్మాగారానికి ముందుగానే డబ్బు ముట్టితే, ఆ కర్మాగారం ఉత్పత్తిలో మొదటి భాగం డబ్బు పెట్టినవాడిది. వెనక వచ్చినవాడు మిగిలిన దానికోసం ఎక్కువ ధర పెట్టి ఎదురుచూడాలి. మా వృత్తిలో దీన్ని మించిన పోటీ ఆయుధం లేదు, పైగా ఇది ప్రకటనల్లో కనిపించదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మొదటి ఐప్యాడ్‌లోని ఏ4 ప్రాసెసర్‌ను ఆపిల్ కోసం తయారుచేసి ఇచ్చింది శామ్‌సంగ్ కర్మాగారమే. అంటే ఐప్యాడ్ ఎన్ని అమ్ముడైతే శామ్‌సంగ్‌లో ఒక విభాగానికి అంత లాభం, ఇంకొక విభాగానికి అంత దెబ్బ. 2024లో ఓఎల్‌ఈడీ తెరతో వచ్చిన ఐప్యాడ్ ప్రోకు తెరలు అందిస్తున్న రెండు సంస్థల్లోనూ శామ్‌సంగ్ డిస్‌ప్లే ఒకటి, రెండోది ఎల్‌జీ డిస్‌ప్లే. మీ విద్యార్థులకు పోటీ అంటే ముఖాముఖి యుద్ధం కాదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. శామ్‌సంగ్ ఈ మార్కెట్లో పడిపోకుండా నిలబడడానికి కూడా ఇదే కారణమని నా అభిప్రాయం: తెర, మెమరీ, ప్రాసెసర్ అన్నీ ఇంట్లోనే ఉన్నవాడు మిగిలినవారికంటే ఎక్కువ కాలం నష్టాన్ని ఓర్చుకోగలడు, తప్పు చేస్తే త్వరగా దిద్దుకోగలడు.

ఆ దిద్దుకోవడం ఎంత వేగంగా జరిగిందో చూడండి. 2011 ఫిబ్రవరిలో బార్సిలోనాలో శామ్‌సంగ్ చూపించిన గెలాక్సీ ట్యాబ్ 10.1 మందం 10.9 మిల్లీమీటర్లు. మార్చి 2న ఐప్యాడ్ 2 వచ్చింది, దాని మందం 8.8 మిల్లీమీటర్లు. అదే నెల 22న శామ్‌సంగ్ తన ట్యాబ్లెట్‌ను 8.6 మిల్లీమీటర్లకు తగ్గించి మళ్లీ ప్రకటించింది, ధరను కూడా 499 డాలర్ల దగ్గరే పెట్టింది. ప్రకటించిన వస్తువును మూడు వారాల్లో మార్చి చూపడం మామూలు సంస్థ వల్ల అయ్యే పని కాదు.

అంత దగ్గరగా వెంబడించడం కోర్టుల దాకా వెళ్లింది. జర్మనీలోని డస్సెల్‌డార్ఫ్ కోర్టు గెలాక్సీ ట్యాబ్ 10.1 రూపం ఐప్యాడ్‌ను పోలి ఉందని అమ్మకాలు ఆపితే, శామ్‌సంగ్ లోహపు చట్రాన్ని ముందువైపుకు తెచ్చి, స్పీకర్లను తెరకు ఇరుపక్కలా పెట్టి, 10.1ఎన్ అనే పేరుతో మళ్లీ అమ్మింది. లండన్‌లో న్యాయమూర్తి కాలిన్ బర్స్ 2012 జులైలో, శామ్‌సంగ్ ట్యాబ్లెట్లకు ఐప్యాడ్‌లో ఉన్న నిరాడంబరమైన సొగసు లేదని, అవి అంత "కూల్" కావని, కాబట్టి అనుకరణ కాదని తీర్పు చెప్పారు. కేసు గెలిచి ఇంత చిన్నబోయిన సంస్థ మరొకటి ఉండదేమో. అదే ఏడాది ఆగస్టు 24న కాలిఫోర్నియా జ్యూరీ శామ్‌సంగ్‌కు 105 కోట్ల డాలర్ల పరిహారం విధించిన సంగతి అందరికీ గుర్తుంటుంది గానీ, ఆ పరిహారం దాదాపు అంతా ఫోన్లకు సంబంధించినది. ఐప్యాడ్ రూపకల్పన హక్కును శామ్‌సంగ్ ఉల్లంఘించలేదనే ఆ జ్యూరీ తేల్చింది.

పడిపోయినవాటి గురించి రెండు మాటలు. హెచ్‌పీ 2010లో 120 కోట్ల డాలర్లకు పామ్ సంస్థను కొని, దాని వెబ్‌ఓఎస్ అనే నిర్వహణ వ్యవస్థతో టచ్‌ప్యాడ్ చేసి 2011 జులై 1న మార్కెట్లోకి తెచ్చింది, ఆగస్టు 18న తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. ఏడు వారాలు. తర్వాత 99 డాలర్లకు తగ్గించేసరికి జనం దుకాణాల మీద ఎగబడ్డారు, అంటే వస్తువు అక్కరలేనిది కాదు, 499కి అక్కరలేనిది. రిమ్ తెచ్చిన ప్లేబుక్‌లో, ఈ-మెయిల్‌కు పేరుపడ్డ సంస్థ అయి ఉండి కూడా, మొదట్లో సొంతంగా ఈ-మెయిల్ యాప్ లేదు. మెయిల్ చూడాలంటే పక్కన బ్లాక్‌బెర్రీ ఫోన్ ఉండాలి. అమ్ముడుపోని నిల్వల కింద ఆ సంస్థ 48.5 కోట్ల డాలర్లు రద్దు పద్దులో రాసుకుంది. మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ఆర్‌టీ అనే తన ట్యాబ్లెట్ కింద 2013లో 90 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది.

అయితే వీటన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచినది ఇంటెల్. ట్యాబ్లెట్లలో తన ప్రాసెసర్లు ఉండాలన్న పట్టుదలతో, తయారీదారులకు ఎదురు డబ్బిచ్చి మరీ 2014లో 4.6 కోట్ల ట్యాబ్లెట్లలోకి తన చిప్‌లను ఎక్కించింది. లక్ష్యం 4 కోట్లే, దాన్ని దాటింది. ఆ ఏడాది దాని మొబైల్ విభాగం నష్టం 420 కోట్ల డాలర్లు.

గవర్నర్‌పేట_కౌంటర్ జవాబు:

పెద్దలిద్దరూ అమెరికా లెక్కలు బాగా చెప్పారు. బెజవాడలో చాలా ఏళ్లుగా మొబైల్ దుకాణం నడుపుతున్నవాడిగా మన దగ్గర జరిగింది కూడా చెప్పాలనిపించింది, ఎందుకంటే మన దగ్గర పోటీ ఆపిల్‌కూ శామ్‌సంగ్‌కూ మధ్య మొదలు కాలేదు.

మన దేశంలో ట్యాబ్లెట్ అనే వస్తువు పేరు పల్లెల దాకా చేరింది ఆకాశ్‌తో. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో దాన్ని విడుదల చేశారు. డేటావిండ్ అనే సంస్థ ప్రభుత్వానికి ఒక్కొక్కటి 2,300 రూపాయల లోపే సరఫరా చేసేందుకు ఒప్పుకుంది, మొదటి విడతల కూర్పు మన హైదరాబాద్‌లోనే జరిగింది. 7 అంగుళాల తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. ఆ తెర వేలు తాకితే స్పందించే రకం కాదు, నొక్కితే స్పందించే రకం. గోటితో అదిమితే గానీ పేజీ కదిలేది కాదు. మరుసటి ఏడాది వచ్చిన ఆకాశ్ 2లో ఆ తెరను మార్చారు, ప్రాసెసర్‌నూ పెంచారు, కానీ అప్పటికే దానికి పడ్డ ముద్ర చెరగలేదు.

ఆకాశ్ చేసిన పని ఇంకొకటి ఉంది. ట్యాబ్లెట్ అంటే మూడు నాలుగు వేలకు రావాల్సిన వస్తువు అనే అభిప్రాయం జనంలో నాటుకుపోయింది. దానికి తగ్గట్టే చైనాలో ఆల్‌విన్నర్, రాక్‌చిప్ లాంటి సంస్థలు చాలా చవకగా ట్యాబ్లెట్ చిప్‌లు అమ్మడం మొదలుపెట్టాయి. షెన్‌జెన్ నుంచి తయారైన సరుకు తెప్పించి, మీద పేరు ముద్రించి అమ్మేవారు పుట్టుకొచ్చారు. మైక్రోమాక్స్ 2012లో ఫన్‌బుక్‌ను 6,499 రూపాయలకు తెచ్చింది. కార్బన్, లావా, ఐబాల్ అదే దారి పట్టాయి. అదే సమయంలో ఐప్యాడ్ ముప్పై వేల మాట.

కౌంటర్ దగ్గర మేము రోజూ వినే మొదటి ప్రశ్న ప్రాసెసర్ గురించి కాదు, "ఇందులో సిమ్ పడుతుందా?" అని. ఫోన్ మాట్లాడుకోవడానికి కుదిరితేనే కొంటామనేవారు, అందుకే మన మార్కెట్ కోసం 7 అంగుళాల కాలింగ్ ట్యాబ్లెట్లు ప్రత్యేకంగా వచ్చాయి. అవి అమ్ముడైనన్ని రోజులు బాగానే అమ్ముడయ్యాయి. తర్వాత మొదలైంది అసలు తలనొప్పి. ఛార్జింగ్ పిన్ను పెట్టే చోట లోపల టంకం ఊడిపోయి పిన్ను వదులయ్యేది, పిల్లలు దాన్ని ఒక కోణంలో వంచి పట్టుకుని ఛార్జింగ్ పెట్టేవారు, ఆ కోణం కూడా పోయాక మా దగ్గరకు తెచ్చేవారు. నేను అమ్మిన ఒక కంపెనీకి జిల్లాలో సర్వీస్ సెంటర్ ఉండేది. ఒకరోజు తాళం వేసి ఉంది, డిస్ట్రిబ్యూటర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. వారంటీ కార్డు మీద నా దుకాణం ముద్ర ఉంది కాబట్టి కస్టమర్ నిలదీసింది నన్నే. ఆ తర్వాత పేరులేని ట్యాబ్లెట్ కౌంటర్ మీద పెట్టలేదు.

ఇంతలో ఫోన్ల తెరలు ఐదున్నర అంగుళాలు దాటి ఆరుకు చేరాయి, 2016లో జియో వచ్చి డేటా చవకైంది. 7 అంగుళాల ట్యాబ్లెట్‌ను చంపింది ఇంకొక ట్యాబ్లెట్ కాదండీ, పెద్ద ఫోన్.

విశాఖ_వాణిజ్యం:

ముగ్గురికీ ధన్యవాదాలు. చివరి మాట నాకు బాగా ఉపయోగపడుతుంది. పాఠ్యపుస్తకం భాషలో దాన్ని ప్రత్యామ్నాయ వస్తువుల ఒత్తిడి అంటాం. ఐడీసీ అంచనాల్లో ప్రపంచ అమ్మకాలు 2014లో సుమారు 23 కోట్లకు చేరి, 2019 నాటికి 14 కోట్ల పైచిలుకుకు పడిపోవడం దానితో సరిపోతోంది. కరోనా కాలంలో మళ్లీ లేచి, 2023లో 13 కోట్ల లోపుకు వచ్చింది.

ఇంకొక సందేహం. మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే లక్షల ట్యాబ్లెట్లు కొని ఎనిమిదో తరగతి విద్యార్థులకు ఇచ్చింది. అంత పెద్ద కొనుగోలుదారు రంగంలో ఉన్నప్పుడు, ధరలు దిగి, కొత్త తయారీదారులకు అవకాశం రావాలి కదా. అలా జరిగిందా?

లెక్కలపద్దు జవాబు:

అంకెలు చూద్దాం. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టిన మొదటి విడతలో ఉపాధ్యాయులతో కలిపి 5 లక్షల 18 వేలకు పైగా శామ్‌సంగ్ ట్యాబ్లెట్లు పంచారు, ప్రభుత్వం చెప్పిన ఖర్చు 686 కోట్ల రూపాయలు. భాగిస్తే ఒక్కొక్కటి 13 వేల పైచిలుకు. మరుసటి ఏడాది అదే తేదీన రెండో విడతలో సుమారు 4 లక్షల 34 వేలు, 620 కోట్లు. ఒక్కొక్కటి 14 వేల పైచిలుకు. దేశమంతటా ఏడాదికి అమ్ముడయ్యే ట్యాబ్లెట్లు 50 లక్షల స్థాయిలో ఉండే మార్కెట్లో ఒక్క రాష్ట్రం ఒక్క విడతలో ఐదు లక్షలు కొనడం అంటే పదో వంతు. కాబట్టి మీ ఊహ తర్కబద్ధమైనదే, కానీ ఫలితం తిరగబడుతుంది.

ఇలాంటి కొనుగోలులో గెలవాలంటే కొన్ని వారాల్లో లక్షల ట్యాబ్లెట్లు ఒకేసారి అందించగలగాలి, ప్రతి మండలానికీ మరమ్మతు సదుపాయం చూపించగలగాలి, బిల్లు వచ్చేదాకా నెలల తరబడి పెట్టుబడిని ఓర్చుకోవాలి. ఈ మూడూ ఉన్న సంస్థలను చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చిన్న తయారీదారు తక్కువ ధర వేసినా ఈ షరతుల దగ్గరే ఆగిపోతాడు. ప్రభుత్వం అలాంటి షరతులు పెట్టడం తప్పని నేను అనను. ఆకాశ్ అనుభవం తర్వాత పెట్టకపోతేనే తప్పు. కానీ దాని పర్యవసానంగా, పెద్ద కొనుగోలు పెద్దవారినే ఇంకా పెద్దవారిని చేస్తుంది. ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను: ఆ ట్యాబ్లెట్లలో పాఠాలు అందించిన బైజూస్ మీద 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది, ట్యాబ్లెట్ చేసిన సంస్థకు ఏమీ కాలేదు. ఈ మార్కెట్లో ఎవరు ఎంత కాలం నిలుస్తారన్నది కూడా కొనుగోలుదారు చూడాల్సిన గుణమే.

ఇక దేశీయ తయారీదారులు ఎందుకు పుంజుకోలేదన్నదానికి సుంకాల పట్టికలో ఒక కారణం ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా చర్చించరు. మొబైల్ ఫోన్ల దిగుమతి మీద మన ప్రభుత్వం 2018 నుంచి 20 శాతం ప్రాథమిక సుంకం వేసింది, 2024 జులైలో దాన్ని 15 శాతానికి తగ్గించింది. ఆ గోడ చాటునే నోయిడాలో, శ్రీపెరంబుదూరులో, మన శ్రీసిటీలో ఫోన్ల కూర్పు పెరిగింది. ట్యాబ్లెట్ అలా కాదు. అది కంప్యూటర్ల వర్గంలోకి వస్తుంది, కంప్యూటర్లు ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందం కింద ఉన్నాయి, ఆ ఒప్పందం మీద మనం 1990ల్లోనే సంతకం చేశాం కాబట్టి దిగుమతి సుంకం సున్నా. చైనాలోనో వియత్నాంలోనో తయారైన ట్యాబ్లెట్‌ను అలాగే తెచ్చి 18 శాతం జీఎస్టీతో అమ్ముకోవచ్చు; ఇక్కడ కూర్చినా అదే జీఎస్టీ. అలాంటప్పుడు ఇక్కడ కర్మాగారం పెట్టేవాడికి మిగిలేది ఏమిటి?

ప్రభుత్వానికి ఇది తెలియకపోలేదు. సుంకం వేయలేక రెండు పక్కదారులు తొక్కింది. 2023 మేలో ఐటీ పరికరాల ఉత్పత్తి ప్రోత్సాహక పథకం రెండో రూపానికి 17,000 కోట్లు కేటాయించింది, అందులో ట్యాబ్లెట్లు కూడా ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టు 3న లాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి అంటూ హఠాత్తుగా ఉత్తర్వు ఇచ్చి, గగ్గోలు పుట్టడంతో ఒకటి రెండు రోజుల్లోనే వాయిదా వేసి, చివరకు ముందుగా వివరాలు ఇచ్చి అనుమతి తీసుకునే పద్ధతితో సరిపెట్టింది. రెండోదానితో తయారీ వస్తుందని నేను అనుకోను. మొదటిదానితో లాప్‌టాప్‌లకు వచ్చినంత ట్యాబ్లెట్లకు రావడం కష్టం, ఎందుకంటే ట్యాబ్లెట్ అమ్మకాల పరిమాణం చిన్నది.

అప్లికేషన్_కూలీ:

విడిభాగం గారి వాదనకు ఒక సవరణ. సరఫరా బలమే అంతా అయితే అమెజాన్ నిలబడకూడదు. 2011 నవంబరులో కిండిల్ ఫైర్‌ను 199 డాలర్లకు అమ్మినప్పుడు దాని తయారీ ఖర్చు దాదాపు అంతే ఉందని ఐసప్లై అనే సంస్థ విడదీసి లెక్కకట్టింది. కొన్నప్పుడు కాక వాడినప్పుడు సంపాదించడం దాని పద్ధతి: పుస్తకాలు, సినిమాలు, ప్రైమ్ చందాలు. మరుసటి ఏడాది గూగుల్ కూడా ఆసుస్ చేత నెక్సస్ 7 చేయించి అదే 199కి అమ్మింది. 7 అంగుళాల ట్యాబ్లెట్లు పుట్టుకతోనే చచ్చినవని 2010లో కొట్టిపారేసిన ఆపిల్, 2012 అక్టోబరులో 7.9 అంగుళాల ఐప్యాడ్ మినీని 329 డాలర్లకు తేవాల్సి వచ్చింది. ప్రత్యర్థులు ఆపిల్‌ను నిజంగా కదిలించిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

కానీ గూగుల్ ఆ పట్టును నిలుపుకోలేదు. 2019లో ట్యాబ్లెట్ల తయారీ నుంచి తప్పుకుంటున్నానని చెప్పింది, పెద్ద తెరల కోసం ఆండ్రాయిడ్ 12ఎల్‌ను 2022లో ఇచ్చింది, 2023లో పిక్సెల్ ట్యాబ్లెట్‌తో తిరిగి వచ్చింది. ఈలోగా ఆపిల్ వైపు 2015లోనే పెన్సిల్, ఒకే తెర మీద రెండు యాప్‌లు, 2019లో ప్రత్యేకంగా ఐప్యాడ్‌ఓఎస్, 2021లో ఐప్యాడ్ ప్రోలోకి మ్యాక్ కంప్యూటర్ల ఎం1 ప్రాసెసర్ వచ్చేశాయి. నిర్వహణ వ్యవస్థ యజమానే ఉంటాడో పోతాడో తెలియనప్పుడు, దాని మీద ఆధారపడి ట్యాబ్లెట్ యాప్‌లు రాయమని మా మేనేజరును ఒప్పించడం ఎవరి తరం?

విడిభాగం:

అమెజాన్ విషయం ఒప్పుకుంటున్నాను. అది ట్యాబ్లెట్ల వ్యాపారంలో ఉందని నేను లెక్కలోకి తీసుకోలేదు. దానికి ట్యాబ్లెట్ ఒక దుకాణం ముఖద్వారం.

విశాఖ_వాణిజ్యం:

చివరగా గవర్నర్‌పేట మిత్రుడిని ఒకటి అడుగుతాను. ఇప్పుడు మీ దగ్గర పోటీ ఎవరెవరి మధ్య ఉంది?

గవర్నర్‌పేట_కౌంటర్:

మూడు అంతస్తులుగా ఉందండీ. పన్నెండు నుంచి ఇరవై వేల మధ్య షావోమి వారి రెడ్‌మి ప్యాడ్, లెనోవో, శామ్‌సంగ్ ఏ సిరీస్, రియల్‌మీ కొట్టుకుంటాయి. 2021 సెప్టెంబరులో రియల్‌మీ తన మొదటి ప్యాడ్‌ను 13,999కి దించినప్పటి నుంచి ఈ అంతస్తులో తెర నాణ్యత బాగా పెరిగింది. ఐదేళ్ల కింద ఆ ధరకు వచ్చిన ట్యాబ్లెట్ పక్కన పెడితే పోలికే లేదు. ఇక్కడ మాకు మిగిలేది తక్కువ, ఆన్‌లైన్ పండగ అమ్మకాల రోజుల్లో అసలు మిగలదు. కవర్, స్క్రీన్ గార్డ్ మీదే మా ఆశ. ముప్పై వేల పైన శామ్‌సంగ్ ఎస్ సిరీస్, వన్‌ప్లస్, మామూలు ఐప్యాడ్. ఆ పైన ఐప్యాడ్ ఎయిర్, ప్రో ఒంటరిగా ఉంటాయి.

కొనేవారు కూడా మారారు. సిమ్ గురించి అడిగేవారు తగ్గారు, పెన్ను గురించి అడిగేవారు పెరిగారు. ఇక్కడి కోచింగ్ కళాశాలల్లో చదివే పిల్లలు పీడీఎఫ్ నోట్సు మీద రాసుకోవడానికి తీసుకుంటున్నారు. మెడిసిన్‌లో సీటు వచ్చిన అమ్మాయి తండ్రితో వచ్చిందంటే దాదాపుగా ఐప్యాడ్ కోసమే. సీనియర్లందరూ అదే వాడుతున్నారని, నోట్సు ఒకరి నుంచి ఒకరికి పంపుకోవడం తేలికని చెబుతుంది. తండ్రి శామ్‌సంగ్ చూపించమంటాడు, పెన్ను పెట్టెలోనే ఉచితంగా వస్తుందని నేనూ చెబుతాను, రెండూ పక్కపక్కన పెడతాను. పది నిమిషాలు రెండింటి మీదా రాసి చూసి, పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఎంత ఇస్తారని అడిగి, నెల వాయిదాలకు కార్డు తీస్తాడు. ఐప్యాడ్‌కే.

పెన్ను ఉచితమన్న మాట తల్లి వచ్చినప్పుడు మాత్రం బాగా పనిచేస్తుంది.